పైరసీ కాపీ ఎవరిదో చెప్పే కోడ్ ఎంత నమ్మదగ్గది?

గడియారంలో న్యూజిలాండ్ ఇండియా కంటే ఆరున్నర, వేసవిలో ఏడున్నర గంటలు ముందు. అందుకే కొత్త తెలుగు సినిమా కాపీ నెట్‌లోకి రాగానే అనుమానం మన హాళ్ల మీదకూ వస్తుంది. డిజిటల్ సినిమా ప్రమాణాల్లో దీనికో ఏర్పాటుంది. కంటికి కనపడని 35 బిట్ల గుర్తులో 19 బిట్లు ఏ పరికరమో, 16 బిట్లు ఏ సమయమో చెబుతాయి.

దొంగ ఒక్కడైతే సరే. ముగ్గురు కలిసి కాపీలు పోల్చుకుంటే? తేడా ఉన్నచోట ఎక్కువమందికి వచ్చిన అంకె వేయొచ్చు, తక్కువమందిది వేయొచ్చు, బొమ్మా బొరుసూ ఎగరేయొచ్చు. ముగ్గురికీ ఒకేలా ఉన్న గుర్తు మాత్రం వాళ్లకి కనపడదు, కాబట్టి చెరపలేరు.

ఈ ఆధారంతోనే 1995లో బోనే, షా కోడ్‌లు తయారుచేశారు. 2003లో గాబోర్ టార్డోస్ వాటిని బాగా కుదించాడు. దొంగ తప్పించుకోవడం ఒక పొరపాటు. నిర్దోషి ఇరుక్కోవడం రెండోది, నా దృష్టిలో ఇదే ఘోరం. వీసా మీదున్న హాలు ఉద్యోగికైతే మరీను. టార్డోస్ పద్ధతిలో నిర్దోషి కోడ్ దొంగలకు తెలియదు. వాళ్లు ఏ ఎత్తు వేసినా అతని మీద నింద పడే అవకాశం ముందే పెట్టిన హద్దు దాటదు.

ఆ హద్దు పది లక్షలకు ఒకటైతే, ముగ్గురు దొంగలకు ఆయన మొదటి సూత్రం 12,600 బిట్లు అడుగుతుంది, ఆరుగురికి 50,400. తర్వాతివాళ్లు చాలా తగ్గించారు గానీ, 35 బిట్లు ఏ మూలకి?

పదివేల కాపీలు పంచితే ఎవరో ఒక నిర్దోషి ఇరుక్కునే ప్రమాదం నూటికి ఒకటి దాకా పోతుంది. హద్దును పది కోట్లకు ఒకటి చేస్తే అది పదివేలకు ఒకటి. అందుకు ముగ్గురి కోడ్ 17,100 బిట్లయితే చాలు.