లేసు అల్లికలు - చర్చి అంగడులు

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు వీధి అరుగుపై కూర్చుండి, కొక్కెము గల సన్నని సూదితో నూలు అల్లు స్త్రీలు వేల సంఖ్యలో కలరు. బల్లగుడ్డలు, దిండు గలీబులు మొదలగునవి వారి చేతులలో తయారై విదేశములకు పోవుచున్నవి.

ఇది మన ప్రాచీన వృత్తి కాదు. 19వ శతాబ్దమున గోదావరి ప్రాంతమునకు వచ్చిన క్రైస్తవ మిషనరీల కుటుంబ స్త్రీలు తమ్మాశ్రయించిన పేద స్త్రీలకు దీనిని నేర్పిరి. భద్రాచలము సమీపమున గల దుమ్ముగూడెమునందును ఈ పని సాగినది. తయారైన సరకును వారు స్వదేశములోని మిత్రులకు, చర్చి సభ్యులకు పంపి అమ్మించిరి. అల్లిన చేతికిని, కొన్న చేతికిని నడుమ అప్పుడు మనుష్యులు కొద్దిమందియే యుండిరి.

20వ శతాబ్దమున వ్యాపారము వర్తకుల వశమైన పిమ్మట ఆ నడుమ దూరము పెరిగినది. ఎగుమతిదారుడు ఏజెంటుకు నూలు ఇచ్చును. ఏజెంటు ఇంటింటికి పంచి, అల్లిన ముక్కలు తీసికొని, ముక్కకు ఇంతయని కూలి చెల్లించును. చేతిపని ఒకరిది, అతుకుపని వేరొకరిది. పువ్వు అల్లిన స్త్రీ పూర్తియైన బల్లగుడ్డను చూడకపోవచ్చును. దాని వెల ఆమెకెట్లు తెలియును? జర్మను దేశపు పండితురాలు మారియా మీస్ 1982లో నరసాపురము లేసు స్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించినది. దినమునకు 6 మొదలు 8 గంటలు పనిచేయుచున్నను వారిని శ్రామికులుగా గాక, తీరిక వేళ గడుపుకొను గృహిణులుగా ఎంచుచుండిరని ఆమె నిరూపించినది. తక్కువ కూలికి మూలము ఈ ‘తీరిక’ యను మాటయే యని మేము తలంతుము.

చర్చి అమ్మకము వేరొక దారిని కూడ పట్టినది. 1946లో అమెరికాకు చెందిన ఎడ్నా రూత్ బైలర్ అను మెన్నోనైట్ క్రైస్తవ వనిత ప్యూర్టో రికో దీవిలోని పేద స్త్రీల కుట్టుపనిని చూచి, తన ఊరికి తెచ్చి ఇరుగుపొరుగు వారికి అమ్మ మొదలిడినది. ఆ పని పెరిగి దుకాణములై, కాలక్రమమున ‘టెన్ థౌజండ్ విలేజెస్’ అను పేరు వహించినది. సరకు కోరిన నాడే సగము వెల ముందుగా చెల్లించుట ఆ సంస్థ అవలంబించిన పద్ధతి. నూలు కొనుటకు అప్పు చేయనక్కరలేని స్త్రీ బేరమాడగలదు. కేవలము జాలితో కొనుటకంటె ఇది మేలైన పద్ధతి గదా!

నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని అధీకృత వినియోగదారులుగా నమోదైన వారే ఆ ముద్రను వాడుకొనగలరు. నమోదు కాని స్త్రీకి దానివలన ఒరుగునది లేదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములందు కుటీర పరిశ్రమ యొకటి. కావున అల్లికపని గల గ్రామములలో సభ్యులు మొదట స్త్రీల పేర్లు, ముక్కకూలి రేట్లు పట్టికగా వ్రాయింపవలెను. తిరునాళ్ళలోను, క్రిస్మసు దినములలో చర్చి ఆవరణలోను స్త్రీల సంఘములకు అమ్మకపు బల్ల ఇప్పించుట పెద్ద ఖర్చు కాదు.

పట్టిక వ్రాయువారికొక మాట. “మీ ఇంట ఆడవారు పనిచేయుదురా?” అని అడిగినచో, “లేదండీ, ఊరక లేసు అల్లుకొందుము” అని జవాబు వచ్చును. నెలకు ఎన్ని నూలు ఉండలు అల్లుదురని అడుగవలెను.