కొండ జబ్బుకు బిళ్ల వేసుకుంటే చాలా?

అక్కలారా! మాలావత్ పూర్ణ పేరు విన్నారా? నిజామాబాదు జిల్లా పాకాల ఊరి గిరిజన పిల్ల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ముందుగా భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగు, లడఖ్ కొండల్లో సాధన చేసింది. తొందరపడలేదు.

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అక్కడ గాలి చాలా పలచన. మన ఊళ్లో అందే ప్రాణవాయువులో మూడో వంతే అక్కడ అందుతుంది.

అంత ఎత్తు అక్కర లేదు. 2,500 మీటర్లు దాటితేనే కొందరికి తలనొప్పి, వాంతులు, నీరసం వస్తాయి. ఇదే కొండ జబ్బు. నెమ్మదిగా ఎక్కితే ఒళ్లు అలవాటు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఆగాలి.

కొందరు ఆగరు. బిళ్లలు వేసుకుని గబగబా ఎక్కుతారు. ఏమిటా బిళ్లలు?

ఒకటి ఎసిటాజోలమైడ్. ఇది ఒళ్లు త్వరగా అలవాటు పడేలా చేస్తుంది. కానీ మూత్రం ఎక్కువగా పోతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కొందరికి పడదు, దద్దుర్లు వస్తాయి. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

రెండోది డెక్సామెథాసోన్. ఇది స్టెరాయిడ్ మందు. ఆపదలో ఉన్నవారిని కిందికి దించేలోపు డాక్టర్లు ఇస్తారు. కానీ ఇది ఒంటిని ఎత్తుకు అలవాటు చేయదు. బాధను అణచి ఉంచుతుంది, అంతే. కొండ మీద మందు అయిపోతే జబ్బు తిరగబెడుతుంది. చాలా రోజులు వాడి టక్కున మానేస్తే ప్రాణానికే ముప్పు. చక్కెర జబ్బు ఉంటే చక్కెర పెరుగుతుంది.

మనం జ్వరం బిళ్ల వేసుకుని కలుపుకు పోతాం. ఒళ్లు చల్లబడుతుంది. సాయంత్రానికి మళ్లీ కాలిపోతుంది. రోగం పోలేదు, దాక్కుంది. కొండ మీదా అంతే. తలనొప్పి వచ్చిందంటే ‘ఆగు’ అని ఒళ్లు చెబుతున్నట్టు. అది వినకుండా ఎక్కితే మెదడు వాస్తుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మనిషి చనిపోవచ్చు.

మనకెందుకీ సంగతి అంటారా? మనవాళ్లు కేదారనాథ్, అమరనాథ్ యాత్రలకు పోతున్నారు కదా. రెండూ 3,500 మీటర్ల పైనే ఉన్నాయి. పక్కింటివాళ్లు ఇచ్చారని బిళ్లలు వేసుకోకండి. బయలుదేరే ముందే డాక్టరును అడగండి. పైన ఎవరైనా తూలుతూ నడిచినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా పైకి పోనివ్వకండి. వెంటనే కిందికి దించండి. ఒంటరిగా పంపకండి.

మొక్కు మరో ఏడు తీర్చుకోవచ్చు. మీ ఊళ్లో యాత్రకు పోయేవాళ్లు ఉంటే ఈ పాఠం చదివి వినిపించండి.