గుయ్‌యు పిల్లల రక్తంలో సీసం

ప్లాస్టిక్ ముక్కకు లైటర్ మంట తగిలించాలి. లేచిన పొగను వాసన చూసి అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పాలి. గుయ్‌యులో ఇదీ ఒక కూలి పనే. రకాన్ని బట్టి ధర ఉంటుంది కాబట్టి, రోజంతా ఆ పొగ పీల్చిన వాళ్లున్నారు.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, షాంటౌ నగర పరిధిలో ఉంది ఈ ఊరు. పల్లపు నేల కావడంతో పంటలకు వరద ముప్పు ఎప్పుడూ ఉండేది. సేద్యాన్ని నమ్ముకోలేని జనం తరాల కిందటే పాత సామాన్ల వ్యాపారంలోకి దిగారు. బాతు ఈకలు, ఎముకలు, తుక్కు ఇనుము కొని అమ్మేవారు. 1990ల్లో వాటి స్థానంలోకి కంప్యూటర్లు వచ్చాయి. అమెరికా, జపాన్, ఐరోపా దేశాల్లో పారేసిన యంత్రాలు ఓడలెక్కి వచ్చి పడేవి. ఈ దిగుమతిని చైనా 2000లోనే నిషేధించింది. ప్రమాదకర వ్యర్థాల రవాణాను కట్టడి చేసే బాసెల్ ఒప్పందం 1992 నుంచే అమల్లో ఉంది. అయినా కంటైనర్లు ఆగలేదు. ఆ ఒప్పందంపై సంతకం పెట్టిన అమెరికా నేటికీ దాన్ని ఆమోదించలేదు.

2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ తదితర పర్యావరణ సంస్థలు విడుదల చేసిన నివేదికతో గుయ్‌యు పేరు ప్రపంచానికి తెలిసింది. అక్కడ కనిపించింది పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఇళ్లలోనే, వాకిళ్లలోనే పని. బొగ్గు కుంపటి మీద సర్క్యూట్ బోర్డును వేడి చేస్తే టంకం కరుగుతుంది. అప్పుడు చిప్పులను పట్టకారుతో ఊడబీకుతారు. టంకంలో తగరంతో పాటు సీసం కూడా ఉండేది. ఆ పొగలోనే వంట, పిల్లల ఆటలు. రాగి కోసం తీగలను కాలిస్తే పైనున్న పీవీసీ తొడుగు నుంచి డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. బంగారం కోసం చిప్పులను ద్రవరాజంలో, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో, నానబెట్టేవారు. పని అయ్యాక ఆ ద్రవం లియాన్‌జియాంగ్ నదిలోకే. భూగర్భ జలం చెడిపోయి, తాగే నీటిని బయటి నుంచి వాహనాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది.

అసలు నష్టం ఎంతో చెప్పింది పిల్లల రక్తం. షాంటౌ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు చెందిన హువో షియా బృందం గుయ్‌యులో ఆరేళ్ల లోపు పిల్లలు 165 మందిని పరీక్షించి, ఫలితాలను 2007లో ప్రచురించింది. డెసిలీటరు రక్తంలో సగటున 15.3 మైక్రోగ్రాముల సీసం ఉంది. వందలో 82 మంది దాకా పిల్లల్లో అది అప్పటి హెచ్చరిక స్థాయి అయిన 10ని దాటింది. పక్కనే ఉన్న చెండియన్ పట్టణంలో సగటు 9.94. అదీ తక్కువేం కాదు. ఇప్పుడు అమెరికా ఆరోగ్య అధికారులు పిల్లల్లో అది 3.5కు చేరినా జాగ్రత్త పడమంటున్నారు.

చిన్నపిల్లల పేగులు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటాయి. శరీరం దాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది, ఎదుగుతున్న మెదడులోకీ చేరనిస్తుంది. చురుకుదనం, ఏకాగ్రత, చదివే శక్తి తగ్గిపోతాయి. అలా పోయినదాన్ని ఏ మందూ పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. కన్నవాళ్లు కూలి కోసం చేసిన పని బిడ్డ బుద్ధిని తినేసింది. ఇందులో కూలివాళ్ల తప్పు వెతకడం అన్యాయం. వస్తువు అమ్మి లాభపడినవాడు దాని చివరి ఖర్చు తాను భరించకుండా ఈ పిల్లల మీదికి తోశాడు. నేరమంటూ ఉంటే అది అక్కడుంది.

2015 చివరికి అధికారులు ఇళ్లలోని పనిని మూయించి, కార్ఖానాలను ఒక పారిశ్రామిక పార్కులోకి తరలించారు. వీధుల్లో పొగ తగ్గింది. నేలలోకి దిగిన లోహాలు మాత్రం ఎటూ పోవు. చైనా తలుపులు బిగించాక తుక్కు థాయ్‌లాండ్ వంటి దేశాల దారి పట్టింది. 2018లో అక్కడి పోలీసులు ఈ-వ్యర్థాల (పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువుల) కార్ఖానాలపై వరసగా దాడులు చేయాల్సి వచ్చింది. మన ఢిల్లీలోని సీలంపూర్‌లో బోర్డులను ఊడదీసేదీ ఒట్టి చేతులతోనే.

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగేసింది. వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. పద్ధతైన దారి లేక కాదు. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా తీసే పరిజ్ఞానం హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన కేంద్రంలోనే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మన ఈ-వ్యర్థాల నియమాలు కూడా పాత వస్తువులను పద్ధతిగా శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. ఇంట్లో మూలపడ్డ ఫోనునో టీవీనో వదిలించుకునే ముందు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే వాడి కోసం చూడకండి. తయారీ కంపెనీకి ఫోన్ చేసి, తిరిగి తీసుకునే కేంద్రం ఎక్కడుందో అడగండి. లేదంటే, కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లర్ ఎవరో కనుక్కుని వారికే ఇచ్చి రసీదు తీసుకోండి.