వార్తల్లో పదం: డయాబెటిక్ రెటినోపతి

మధుమేహము చిరకాలము అదుపు తప్పియున్నచో, రక్తమునందలి అధికమైన చక్కెర వలన కంటి వెనుక రెటీనాలోని సూక్ష్మ రక్తనాళములు క్రమముగా బలహీనపడి, ద్రవమును రక్తమును స్రవించి, తుదకు చూపునే హరించు వ్యాధి డయాబెటిక్ రెటినోపతి.

నొప్పి గాని ఎఱుపు గాని లేకయే ఇది ముదురుచుండును. కంటియెదుట నల్లని చుక్కలు తేలియాడునప్పటికి, అక్షరములు మసకబారునప్పటికి, నష్టము చాలవఱకు జరిగిపోయియుండును. మధుమేహము వలని ఇట్టి నాళవికారమే మూత్రపిండములను గూడ చెఱచును. అట్లే మధుమేహము వలన నరములు దెబ్బతిని పాదములలో స్పర్శ నశించినచో, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియక వ్రణమగును.

టైపు 2 మధుమేహము నిర్ధారణయైన వెంటనే మందుచుక్కలతో కంటిపాపను విప్పార్చి చేయు పరీక్ష జరిపించుకొని, పిదప ఏటేట దానిని మానక, చక్కెరను, రక్తపు పోటును అదుపునందుంచుకొనువారికి లేజరు, ఇంజెక్షను చికిత్సలు సకాలమున అంది, అంధత్వము చాలవఱకు తప్పును. చూపు బాగుగనే యున్నదని ఈ పరీక్షను వాయిదా వేయరాదు.