నడుముకు కొత్త డిస్కు: విదేశం వెళ్ళేముందు తెలుసుకోవలసినవి

నడుము నొప్పి మన ప్రాంతానికి కొత్త జబ్బు కాదు. డెల్టా పొలాల్లో వంగి నాట్లు వేసే కూలీలు, ఆటోనగర్‌లో లారీ కింద దూరి పనిచేసే మెకానిక్కులు, రాత్రంతా స్టీరింగు పట్టే డ్రైవర్లు, పెడనలో కలంకారీ అచ్చులు అద్దేవారు, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనివారు దానితోనే రోజులు నెట్టుకొస్తున్నారు. ఈమధ్య మాత్రం కొన్ని కుటుంబాలు మమ్మల్ని ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నాయి. “విదేశాల్లో అరిగిన డిస్కు తీసేసి కృత్రిమ డిస్కు పెడతారట. ఖర్చు చాలా అవుతుందట. సాయం చేయగలరా?” అని. అందుకోసం ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడినవారూ ఉన్నారు. మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు చదువుకునే పాఠంగా మాత్రమే దీన్ని తీసుకోవాలని మనవి.

డిస్కు అంటే ఏమిటి?

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండ్లే డిస్కులు. ఇవి మొత్తం 23. చుట్టూ గట్టి నార పొరలు, లోపల జిగురులాంటి గుజ్జు ఉంటాయి. లారీ కమాను పట్టీలకు రబ్బరు బుష్ ఎలాగో, వెన్నుకు ఇవి అలాగ. కుదుపును తట్టుకుంటాయి, కదలికకు వీలిస్తాయి. నడుము దిగువన భారం ఎక్కువ కనుక ఎక్కువగా చెడేవి చివరి రెండు. ఎమ్మారై రిపోర్టులో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసేది వాటి గురించే.

ఇక్కడ రెండు సమస్యలను వేరువేరుగా చూడాలి. డిస్కు లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం దాకా కాలు లాగుతుంది. దీన్నే సయాటికా అంటారు. ఇలాంటివారిలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. తగ్గనివారికి, నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రం తీసివేసే ఆపరేషన్ ఉంది. అది విజయవాడలోనే చేస్తారు. నడుముకు పెట్టే కృత్రిమ డిస్కు ముఖ్యంగా రెండో సమస్యకు ఉద్దేశించింది. ఒకటి రెండు డిస్కులు బాగా అరిగి, నొప్పి ప్రధానంగా నడుములోనే ఉండి, నెలల తరబడి వ్యాయామం, మందులు వాడినా తగ్గని కొద్దిమందికి అది పనికొస్తుంది. ఇంకొక మాట. నలభై దాటినవారిలో ఏ నొప్పీ లేనివారికి తీసిన ఎమ్మారైలో కూడా డిస్కు అరుగుదల తరచుగా కనిపిస్తుంది. అందువల్ల రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరమని అర్థం కాదు.

విదేశం మాట ఎలా వచ్చింది?

ఈ డిస్కును తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో కుర్ట్ షెల్‌నాక్, కారిన్ బ్యూట్నర్-యాంజ్ అనే వైద్యులు రూపొందించారు. 1984లో మొదటిసారి రోగికి అమర్చారు. బ్యూట్నర్-యాంజ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు స్వర్ణ పతకాలు గెలిచి, ఆ తరువాత ఎముకల వైద్యురాలైన మహిళ. పైనా కిందా లోహపు పలకలు, వాటి మధ్య జారే ప్లాస్టిక్ బిళ్ళ, ఇదీ దాని నిర్మాణం. అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది 2004లో. అంతవరకు అక్కడి రోగులు జర్మనీకి వెళ్ళి చేయించుకునేవారు. స్వదేశంలో అనుమతి లేకపోవడం వారు వెళ్ళడానికి ముఖ్య కారణం. మనకు ఆ ఇబ్బంది లేదు. ఈ ఆపరేషన్ మన దేశంలోని పెద్ద నగరాల్లో జరుగుతోంది. వెన్నెముక వైద్యం కోసం ఇతర దేశాలవారే చెన్నై, హైదరాబాద్ వస్తున్నారు. కాబట్టి ఏ దేశం వెళ్ళాలన్నది తరువాతి మాట. ఈ డిస్కు ఈ నడుముకు సరిపోతుందా అన్నది ముందు తేలాలి.

ఎవరికి సరిపోదు?

ఎముకలు గుల్లబారినవారికి, పూసల వెనుక కీళ్ళు అరిగినవారికి, పూస ముందుకు జరిగినవారికి, వెన్నులో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి సాధారణంగా దీన్ని పెట్టరు. నడుము డిస్కును పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకు జరిపి అమరుస్తారు. రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. మగవారిలో కొద్దిమందికి సంతానానికి సంబంధించిన ఇబ్బంది రావచ్చు. డిస్కు సరిగా కుదరక మళ్ళీ తెరవవలసి వస్తే, రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం.

“మళ్ళీ రుకూ, సజ్దా చేయగలనా?” అన్నది మనవారు తప్పక అడిగే ప్రశ్న. రెండు పూసలను కలిపి బిగించే పాత పద్ధతిలో ఆ చోట కదలిక పోతుంది, కృత్రిమ డిస్కుతో నిలుస్తుంది. దీనికున్న ఆకర్షణ అదే. అయితే ఒక్క జత పూసలు కలిపినంత మాత్రాన నడుము కర్రలా బిగుసుకుపోదు. వంగడంలో పెద్ద వంతు తుంటి కీళ్ళదే. కోలుకునేదాకా కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునే సౌలభ్యం ఉండనే ఉంది.

తిరిగి వచ్చాక?

ఆపరేషన్ ఖర్చు ఒక్కటే లెక్క వేస్తే చాలదు. తోడు వెళ్ళేవారి ప్రయాణం, బస, తరువాతి ఎక్స్‌రేలు, ఫిజియోథెరపీ, పనిలేని నెలల ఇంటి ఖర్చు కూడా కలపాలి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా వెళ్ళేది విజయవాడ ఆసుపత్రికే. ఆ ఆపరేషన్ వివరాలు తెలిసి చూసే డాక్టరు ఇక్కడ ఎవరో ముందే మాట్లాడుకోవాలి. డిస్కు కంపెనీ, మోడల్, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరును జాగ్రత్త చేయాలి. ముందు ముందు ఎమ్మారై తీయాలన్నా అది అడుగుతారు.

నిర్ణయానికి ముందు ఇద్దరు నిపుణుల అభిప్రాయం తీసుకోవడం మంచిది. మంగళగిరి ఎయిమ్స్ మనకు దగ్గర. హైదరాబాద్ నిమ్స్, వెల్లూరు సీఎంసీ మనవారికి తెలిసినవే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకంలో మీకు చెప్పిన చికిత్స ఉందో లేదో ఆసుపత్రిలోని పథకం సహాయకులను అడగాలి. డాక్టరును మొహమాటం లేకుండా అడగవలసినవి మూడు: నా నొప్పికి ఈ డిస్కే కారణమని ఎలా తేల్చారు? చిన్న ఆపరేషన్ ఎందుకు సరిపోదు? అసలు ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది?

ఒక్క సందర్భంలో మాత్రం రెండో అభిప్రాయం కోసం కూడా ఆగకూడదు. మూత్రం బంధించినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్ళూ చచ్చుబడుతున్నా అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే, దగ్గర్లోని పెద్దాసుపత్రికి చేర్చాలి. అలాంటప్పుడు ముందు ఆసుపత్రికి వెళ్ళండి, మాకు తరువాత చెప్పండి. మిగిలినవారు ఇంటి కాగితాలు తాకట్టుకు ఇవ్వకముందే తమ వైద్యం ఫైలుతో మమ్మల్ని కలిస్తే, మంచి డాక్టరుకు చూపించే దాకా వెంట ఉంటాము.