హెన్రియెట్టా క్లైవ్

హెన్రియెట్టా ఆంటోనియా క్లైవ్ (1758 - 1830) బ్రిటిషు కులీన మహిళ, యాత్రికురాలు. ఈమె మొదటి పోవిస్ ఎర్ల్ హెన్రీ హెర్బర్ట్ కుమార్తె. 1784లో రాబర్ట్ క్లైవ్ పెద్ద కుమారుడైన ఎడ్వర్డ్‌ను వివాహమాడినది. అప్పులలోనున్న హెర్బర్ట్ కుటుంబానికి క్లైవ్ సంపద ఆసరా అయినది. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

దక్షిణ భారత యాత్ర

1798లో భర్త మద్రాసు గవర్నరు కాగా ఈమె కుమార్తెలతో మద్రాసు చేరినది. టిప్పు సుల్తాన్ మరణించిన మరుసటి సంవత్సరం, 1800లో, భర్త మద్రాసులోనే ఉండగా, కుమార్తెలను వెంటబెట్టుకొని శ్రీరంగపట్నం, మైసూరు, తంజావూరు ప్రాంతాలలో నెలల తరబడి పర్యటించినది. మొక్కలను, ఖనిజాలను సేకరించినది. టిప్పుకు చెందిన పలు వస్తువులు వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉన్నాయి.

వారసత్వం

1801లో ఈమె అన్న జార్జి అవివాహితునిగా మరణించడంతో ఎర్ల్ బిరుదు అంతరించినది. 1804లో దానిని కొత్తగా ఈమె భర్తకు ఇచ్చారు. మేనమామ ఆస్తికి వారసుడైన పెద్ద కుమారుడు ఎడ్వర్డ్ 1807లో క్లైవ్ అనే ఇంటిపేరును విడిచి, తల్లి పుట్టింటి పేరైన హెర్బర్ట్‌ను స్వీకరించాడు. చిన్న కుమార్తె షార్లెట్ తరువాతి కాలంలో విక్టోరియా రాణికి బాల్యంలో సంరక్షక ఉపాధ్యాయినిగా పనిచేసినది.