పొట్లంలో వచ్చిన మందారం

దోహాలో మేముండే క్యాంపులో శుక్రవారమంటే బట్టలుతుక్కోవడం, వంట, ఇంటికి ఫోన్లు. కొన్నాళ్లుగా మా గదిలో ఇంకో పని తోడైంది. ఎండిన పూలను ముందు పెట్టుకుని బొమ్మలు వేస్తున్నాం.

దీనికి కారణం ఒక చిన్న పొట్లం. మాతో ఉండే పెయింటర్ అన్నది అమలాపురం దగ్గర పల్లె. వాళ్లమ్మ చనిపోతే సెలవు దొరక్క వెళ్లలేకపోయాడు. తర్వాత ఊరి నుంచి వచ్చినవాళ్ల చేత వదినగారు ఓ మందారం పంపారు. అమ్మ నాటిన చెట్టుది. వచ్చేసరికి నల్లబడి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది.

"ఇది ఎన్నాళ్లుంటుంది తమ్ముడూ?" అన్నాడు అన్న.

గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే ఎండిన పువ్వు మెత్తబడుతుంది. వృక్షశాస్త్రం వాళ్లు చేసేదీ ఇదే. మెల్లగా విప్పితే ఐదు రేకులు, మధ్య పుప్పొడి కాడ, దాని కొసన ఐదు పాయలు కనబడ్డాయి. డిప్లొమాలో నేర్చిన డ్రాయింగ్ అక్కరకొచ్చింది. డివైడరుతో కొలిచి, ఉన్న సైజులోనే పెన్సిలు గీతలు గీశాం. అన్న పల్చటి వాటర్ కలర్ పొరలు పొరలుగా వేశాడు. ఎర్రగా వెయ్యమంటే ఒప్పుకోలేదు.

"నా దాకా వచ్చిన పువ్వు ఇదే. ఉన్నట్టే వెయ్యనీ."

మీరూ మొదలెట్టొచ్చు. కాగితం పూలు తేలిక. రంగున్నవి రేకులు కావు, ఆకులే. అసలు పువ్వు మధ్యలోని సన్నటి గొట్టం. న్యూస్ పేపర్ మడతల్లో పెట్టి, పైన ప్లైవుడ్ ముక్క, నాలుగు టైల్స్ బరువు పెట్టాలి. రోజూ పేపరు మార్చకపోతే బూజు పడుతుంది. ఎండితే రంగు తగ్గుతుంది కాబట్టి కోసిన రోజే ఆ రంగు చుక్క ఒకటి కాగితం మీద వేసుకోవాలి. గన్నేరు విషం, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి.

ఈ పని మన గోదావరి వైపు కొత్త కాదు. 1780ల్లో సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. బొమ్మల కింద మాత్రం వేసినవాళ్ల పేర్లు లేవు. మేం కట్టే టవర్ల మీదా మా పేర్లుండవు.

అన్న మాత్రం బొమ్మ అడుగున తేదీ, అమ్మ పేరు, తన పేరు రాసి ఇంటికి పంపాడు.